చూడకుండా రాసిన నార్మల్

ఎండోస్కోపీ పనిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, బిస్కెట్లు తిని, "అక్కా, మీ సర్వీసులో మీరు పట్టిన పెద్ద కేసు ఒకటి చెప్పండి" అని అడుగుతారు. పట్టినవి చెప్పుకోవడానికేం, గొప్పలకు కొదవా? వదిలేసిన కేసు చెప్తానంటే మాత్రం ముఖముఖాలు చూసుకుంటారు. ఇక్కడ రాస్తున్నది అదే. పేర్లు రాయను. నా పేరూ అక్కర్లేదు. జూబ్లీహిల్స్‌లో ఒక ఆసుపత్రి, దాని రెండో అంతస్తులో ఎండోస్కోపీ గది, ఆ గదికి నేను ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. అంతవరకు తెలిస్తే చాలు.

మా గదికి వచ్చేవాళ్ళలో సగం మంది సినిమావాళ్ళే. తెరమీద కనిపించేవాళ్ళు కొందరు, కనిపించనివాళ్ళు చాలామంది. వేళకు తిండి ఉండదు, నిద్ర ఉండదు, కడుపులో మంట మాత్రం టంచనుగా ఉంటుంది. వచ్చిన ప్రతి మనిషికీ మధ్యాహ్నం షూటింగే. "సిస్టర్, పది నిమిషాల్లో పంపించెయ్యండి" అనని వాళ్ళు లేరు. మేమూ ఆ పది నిమిషాలకే అలవాటుపడిపోయాం. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే భోజనాల వేళకు ఇరవై కేసులు అయిపోయేవి.

ఆ వేగం కోసం నేనొక ఉపాయం కనిపెట్టాను. అప్పుడు దాన్ని ఉపాయమనే అనుకున్నాను. కంప్యూటర్లో రిపోర్టు నమూనా ఒకటి ఉంటుంది: అన్నవాహిక నార్మల్, కడుపు నార్మల్, చిన్నపేగు మొదటి భాగం నార్మల్. నేను పొద్దున్నే వచ్చి, ఆ రోజు లిస్టులో ఉన్నవాళ్ళందరి పేర్లతో రిపోర్టులు ముందే కొట్టి పెట్టేదాన్ని. పరీక్షలో డాక్టరుగారు ఏదైనా తేడా చెబితే ఆ ఒక్క లైను మార్చడం, చెప్పకపోతే అలాగే ప్రింటు. నాలుగైదు కేసులకోసారి ఆయన కట్టమీద వరసగా సంతకాలు పెట్టేవారు. అంటే మనిషి ఇంకా ఇంట్లో పళ్ళు తోముకుంటుండగానే ఇక్కడ అతని అన్నవాహిక నార్మల్ అయిపోయేది. ఈ తెలివికి నాకు ఆ ఏడాది మెచ్చుకోలు పత్రం కూడా ఇచ్చారు, నా ఖర్మ.

ఇక నేను వదిలేసిన కేసు సంగతి. ఆయన డబ్బింగ్ ఆర్టిస్టు. యాభై దాటాయి. కృష్ణా జిల్లా నుంచి ఎప్పుడో వచ్చి మధురానగర్‌లో స్థిరపడ్డారు. ముంబై నుంచి దిగే విలన్లకు తెలుగు గొంతు ఈయనదే. చూస్తే సన్నగా, కళ్ళజోడుతో బ్యాంకు గుమాస్తాలా ఉంటారు. నోరు విప్పితే గది దద్దరిల్లుతుంది. అంతేసి కేకలు పెట్టాలంటే గొంతు వేడెక్కాలట. అందుకని మైకు ముందుకు వెళ్ళేముందు పొగలు కక్కే టీ గటగటా తాగేవారు. బొంగురు కోసం సిగరెట్టు. పని అయ్యాక గొంతు సడలడానికి రెండు పెగ్గులు. పాతికేళ్ళుగా ఇదంతా వృత్తిలో భాగమనే ఆయన నమ్మకం. మరిగే టీ, పొగ, మందు. అన్నవాహికకు ఈ మూడింటిని మించిన శత్రువుల్లేరు. ఆ ముక్క మాకు తెలియదా అంటే, బాగా తెలుసు.

మొదటిసారి ఆయన పుల్లతేన్పులని వచ్చారు. పైపు దిగేటప్పుడు ఓకరింపు రాకుండా మేం ముందుగా గొంతులో మొద్దుబారే మందు కొడతాం. ఆయన నోరు గట్టిగా మూసేసుకున్నారు.

"స్ప్రే వద్దండీ. రెండింటికి ఫిల్మ్ నగర్‌లో డబ్బింగుంది. నాలిక మొద్దుబారితే మాట తేలిపోతుంది. మత్తు అసలే వద్దు."

"మరి ఎట్ల ఓర్చుకుంటరు సార్?"

"విలన్లం కదమ్మా, ఎన్ని దెబ్బలు తిన్లేదు!" అని నవ్వారు.

ఆ నవ్వు అంతవరకే. పైపు గొంతు దిగగానే ఒకటే ఓకరింపులు. కళ్ళవెంట నీళ్ళు, కాళ్ళు తన్నుకోవడం. నేను తల గట్టిగా పట్టుకున్నాను. డాక్టరుగారు నేరుగా కడుపులోకి వెళ్ళి, కాస్త ఎర్రగా ఉందని చూసి, నాలుగు ఫోటోలు తీసి, పైపు లాగేశారు. అన్నవాహిక మాకు కడుపులోకి దారి మాత్రమే, దారిలో ఎవరాగుతారు? "కడుపులో కొంచెం పూత ఉంది, మాత్రలు చాలు" అన్నారు. నేను కడుపు లైను మార్చాను. దాని పైలైను ముట్టుకోలేదు. ఆయన ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నంత పనిచేసి, మడిచి జేబులో పెట్టుకుని డబ్బింగుకు వెళ్ళిపోయారు.

తొమ్మిది నెలల తర్వాత ఒకరోజు భార్యకు స్కానింగ్ చేయించడానికి వచ్చి మా వరండాలో కూర్చున్నారు. చేతిలో టీ కప్పు. నేను అటూ ఇటూ రెండుసార్లు తిరిగినా కప్పు నిండుగానే ఉంది. మూడోసారికి మీగడ కట్టింది.

"ఏంది సార్, చాయ్ చల్లారబెడ్తున్నరు? మీరు పొయ్యిమీదకెళ్ళి దించినట్టే తాగుతరు గద?"

"ఈమధ్య వేడిది దిగుతుంటే ఇక్కడ చురుక్కుమంటోందండీ." రొమ్ము ఎముక నడిమధ్యన వేలు పెట్టి చూపించారు. "గ్యాసే లెండి. మీ దగ్గరే చూపించుకున్నాగా, అంతా నార్మలే కదా."

ఆ వేలు పెట్టిన చోటు చూశాను. కడుపు అక్కడ ఉండదు.

గదిలోకి వెళ్ళి పాత ఫోటోలు తీశాను. కడుపువి నాలుగు. అన్నవాహికది ఒక్కటే, అదీ నురగతో, జొల్లుతో మసకమసకగా. పైపు లాగుతున్నప్పుడు పొరపాటున పడిందేమో కూడా. స్కోపులు కడిగే ఆయన, నాతోపాటే సర్వీసులో చేరినవాడు, నా భుజం మీదుగా తొంగిచూసి పేరు గుర్తుపట్టాడు.

"గీ సిన్మా గొంతాయినదా అక్కా? గప్పుడు ఎవ్వరు జూసిండ్రు గది? పైపు లోపటికి వొయ్యింది, మల్ల నా బకెట్లకు వచ్చింది. రెండు నిమిషాలు గూడ పట్టలే."

"మరి గప్పుడే ఎందుకు చెప్పలే?"

"నన్నెవ్వరడిగిండ్రు? నేను పైపులు కడిగెటోన్ని."

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం. డాక్టరు తొందరపడ్డారు, పేషెంటు స్ప్రే వద్దన్నారు, కడిగే ఆయనను ఎవరూ అడగలేదు. అన్నీ నిజమే. నార్మల్ అని కొట్టిన వేళ్ళు మాత్రం నావి.

మా డాక్టరుగారు నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. మంచి మనిషి, చెయ్యి బహు సున్నితం. అన్నవాహిక క్యాన్సర్‌ను మొదట్లోనే పసిగట్టే కొత్త లైటు పని విదేశం వెళ్ళి మరీ నేర్చుకొచ్చారు. ఆ లైటున్న మెషీను మా గదిలో ఏడాదిగా ఉంది కూడా. అనుమానం ఉన్న కేసులకే వాడేవాళ్ళం. అనుమానపడే తీరిక ఎవరికుంది? ఆయనకు ఫోటో చూపించాను. దాన్ని తెరమీద పెద్దది చేసి చూశారు.

"మళ్ళీ రమ్మనండి సిస్టర్. రొటీన్ ఫాలో-అప్ అని చెప్పండి."

"అసలు ముచ్చట చెప్పొద్దా సార్?"

"ఏముందో తెలీకుండా ఏం చెప్తాం? ఏమీ లేకపోవచ్చు. లీగల్‌గా కూడా..." అని ఆగిపోయారు. తర్వాత చిన్న గొంతుతో అన్నారు: "ఉంటే మాత్రం, పైపొరలో ఉన్నప్పుడే దొరకాలి. అప్పుడైతే స్కోపులోంచే ఒలిచి తీసేస్తాను. లోపలి పొరలకు దిగిందంటే అన్నవాహికే తియ్యాల్సొస్తుంది. గొంతుకెళ్ళే నరం దాని పక్కనే ఉంటుంది. ప్రాణం దక్కినా ఆయన గొంతు దక్కుతుందో లేదో."

నాకు భయం లేదని కాదు. రిటైర్మెంటుకు ఏడు నెలలుంది. అసలు సంగతి ఎత్తకుండా, డాక్టరుగారు చెప్పమన్నట్టే ఫోన్ చేశాను.

"ఫాలో-అప్పా? నేను బాగానే ఉన్నానండీ. పెద్ద సినిమా, ఇరవై రోజులు డేట్లిచ్చేశాను. అయ్యాక చూద్దాం."

నాలుగు రోజులాగి మళ్ళీ చేశాను. ఈసారి విసుక్కున్నారు. "నార్మల్ అని మీరే ఇస్తారు, మళ్ళీ మీరే రమ్మంటారు. హాస్పిటళ్ళ సంగతి మాకు తెలీదేంటండీ?"

మూడోసారి ఆయన భార్యకు చేశాను. పాపం, ఆవిడకు ఏమీ తెలియదు. "మీరైనా గట్టిగా చెప్పండి సిస్టర్. కారం తగిలితే మంటంటున్నారు. ఆవకాయ ముట్టుకోవట్లేదండీ. మా ఇంట్లో ఆయన ఆవకాయ లేకుండా లేచిన రోజు లేదు" అంది.

ఆ మధ్యాహ్నం నేను టిఫిన్ డబ్బా మూత కూడా తియ్యలేదు. ఏ వారం ఆ పాడుది ఒక పొర కిందికి దిగుతుందో ఎవరు చెప్పగలరు? ఆయన మా కాగితాన్ని పట్టుకుని ధీమాగా ఉన్నారు. ఆ ధీమా పోవాలంటే కాగితం సంగతి చెప్పాలి. కాగితం సంగతి చెప్తే నా ఉద్యోగం, డాక్టరుగారి పేరు, రెండూ గాల్లో దీపాలే. ఛీ, ఏం బతుకు నాది అనుకుని లేచి, యూనిఫాం మీదే ఆటో ఎక్కి ఫిల్మ్ నగర్ వెళ్ళాను.

డబ్బింగ్ థియేటర్ ఒక పాత ఇంటి కింది అంతస్తులో ఉంది. రికార్డింగ్ ఇంజనీరు నా డ్రెస్సు చూసి ఎవరికో ఏదో అయిందనుకుని లోపలికి రానిచ్చాడు. అద్దం అవతల ఆయన మైకు ముందు నిలబడి ఉన్నారు. తెరమీద విలన్ కొండమీంచి పడిపోతున్నాడు. ఆ చావుకేక ఈయన పెట్టాలి. రెండుసార్లు పెట్టారు, రెండుసార్లూ ఇంజనీరు "ఇంకొక్కటి సార్" అన్నాడు. కేక కేకకూ ఆయన చెయ్యి రొమ్ముమీదికి వెళుతోంది.

విరామం ఇవ్వగానే బయటికొచ్చి నన్ను చూసి ఉలిక్కిపడ్డారు. "సిస్టర్! ఇక్కడికొచ్చారేంటండీ?"

"మీరొస్తలేరు గద, నేనే వచ్చిన."

మెట్లపక్కకు తీసుకెళ్ళాను. నేను నోరు విప్పేలోపే ఆయన సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీశారు. అందులో నా రిపోర్టు, మడత నలగకుండా. "ఇదిగోండి, మీ కాగితం. చదవండి. అన్నవాహిక నార్మల్. కింద సంతకం. ఇంకేం కావాలండీ?"

"గా కాయితం కొట్టింది నేనే సార్."

"సంతోషం."

"మీరు రాకముందే కొట్టిన. పొద్దుగాల ఎనిమిదింటికి. మీరు గప్పటికి ఇంట్లనే ఉన్నరు."

ఆయనకు వెంటనే ఎక్కలేదు. నవ్వబోయి ఆగారు. "అంటే... లోపల చూడకుండానే?"

"కడుపు జూసినం. అన్నవాహిక ఎవ్వరం చూడలే. మీకు వాంతులొస్తున్నయని గుంజేసినం. నేను గా లైను మార్చలే. గంతే. లోపట ఏమున్నదో నాకు తెల్వదు సార్, ఏం లేకపోవచ్చు గూడ. గని గీ కాయితాన్ని నమ్మకుండ్రి. మీ కాళ్ళు మొక్కుమన్నా మొక్కుత, రేపు రాండ్రి."

ఆయన కాగితం వంక చూశారు, నా వంక చూశారు. తిడతారనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను.

"తొమ్మిది నెలలండీ" అన్నారు చివరికి. "చురుక్కుమన్నప్పుడల్లా ఈ కాగితం తీసి చదువుకున్నాను."

లోపల్నుంచి స్పీకర్లో పిలిచారు, "సార్, టేక్ రెడీ." ఆయన కవరు అక్కడే మెట్టుమీద పెట్టేసి లోపలికి వెళ్ళారు. అద్దం వెనక నుంచి ఆ కేక విన్నాను. ఒళ్ళు జలదరించింది. ఇంజనీరు మాత్రం "అద్భుతం సార్, ఓకే" అన్నాడు సంబరంగా. ఆయన బయటికొచ్చి, నా ముఖం చూడకుండా, "రేపు ఎన్నింటికి రమ్మంటారు?" అని అడిగారు.

సాయంత్రం డాక్టరుగారికి చెప్పాను. కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "నన్నడగకుండా ఎలా చెప్పారు? రేపు ఏమీ లేకపోతే నవ్వులపాలు, ఉంటే కోర్టుపాలు!"

"కోర్టు సంగతొస్తే నా మీద రాయుండ్రి సార్. కొట్టింది నేను."

కిటికీ దగ్గరకు వెళ్ళి అక్కడే నిలబడ్డారు. తిరిగొచ్చేసరికి కోపం పోయింది. "సంతకం నాది సిస్టర్. రేపు మిగతా కేసులన్నీ వాయిదా వెయ్యండి."

మర్నాడు గదిలో మేం ముగ్గురమే. నురగ పోయే మందు తాగించాం. స్ప్రేకు ఆయన మారుమాట్లాడకుండా నోరు తెరిచారు. కొద్దిగా మత్తిచ్చాం. డాక్టరుగారు అంగుళం అంగుళం నీళ్ళతో కడుగుతూ పైపు దించారు. నేను తెరమీంచి కళ్ళు తిప్పలేదు. మామూలు తెల్లవెలుతురులో అంతా లేత గులాబీగా, నున్నగా ఉంది. కిందిదాకా వెళ్ళి పైకొచ్చారు. ఏమీ లేదు. "హమ్మయ్య" అని నా నోటిదాకా వచ్చింది.

"బటన్ నొక్కుతున్నాను" అన్నారాయన.

స్కోపు పిడిమీద ఉండే ఆ కొత్త లైటు బటన్ నొక్కితే తెల్లవెలుతురు పోయి నీలం, ఆకుపచ్చ వెలుతురు వస్తుంది. అందులో మంచి పొర పాలిపోయిన ఆకుపచ్చగా కనిపిస్తుంది. చెడు మొదలైన చోట సన్నటి రక్తనాళాలు గుంపుకట్టి ఉంటాయి కాబట్టి అక్కడ గోధుమరంగు మచ్చ తేలుతుంది. ఆయన అన్నవాహిక సగం దారిలో, ఎడమగోడమీద తేలింది. బొటనవేలి గోరంత. ఇప్పటిదాకా మా కళ్ళముందే నున్నగా, ఏమీ ఎరగనట్టు ఉన్న చోటే అది.

డాక్టరుగారు స్కోపు అక్కడే ఆపారు. "అయోడిన్ ఇవ్వండి."

సిరంజి ఎక్కించడానికి నాకు రెండుసార్లు పట్టింది. అయోడిన్ చల్లితే మంచి పొర ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది, చెడు పొరకు రంగు పట్టదు. గోడంతా నల్లబడింది. ఆ మచ్చ ఒక్కదానికే పట్టలేదు. ఇక రెండు నిమిషాలు ఆగాలి. రంగు పట్టని చోటు గులాబీరంగుకు తిరిగిందంటే అది క్యాన్సర్ కావడానికే ఎక్కువ అవకాశం. నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. నా సర్వీసు మొత్తంలో అంత పొడుగు రెండు నిమిషాలు లేవు. దేవుడా తిరగొద్దు, తిరగొద్దు అని గొణుక్కుంటూనే ఉన్నాను. తిరిగింది.

డాక్టరుగారు మచ్చను పెద్దది చేసి నాళాల మెలికలు చూశారు, అంచులు చూశారు, పరీక్షకు చిన్న ముక్కలు తీశారు, అయోడిన్ మంట తగ్గే మందు చల్లారు. "పైపొరలోనే ఉన్నట్టుంది" అన్నారు. "ఉన్నట్టుంది, అంతే. తీసి ల్యాబ్‌లో చూస్తేగానీ నేనేమీ అనను."

ఆయన మత్తు దిగాక డాక్టరుగారే పక్కన కూర్చుని చెప్పారు. "పోయినసారి మేం సరిగ్గా చూడలేదండీ. తప్పు మాది" అని కూడా అన్నారు. భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన ఒక్కటే అడిగారు.

"గొంతుంటుందా డాక్టర్?"

"ప్రయత్నిస్తాను."

తర్వాతి వారం దాన్ని తియ్యడానికి మూడు గంటలు పట్టింది. మచ్చ కింద మందునీళ్ళు ఎక్కించి, పైపొరను ఉబ్బించి, చుట్టూ కోసి, అరటిపండు తొక్కలా ఒలిచి తీశారు. కొంచెం ఎక్కువ దిగితే అన్నవాహికకు చిల్లు, తక్కువైతే చెడు మిగిలిపోతుంది. నేను పనిముట్లు అందిస్తూనే ఉన్నాను. ముక్కను ల్యాబ్‌కు పంపాక రిపోర్టు రావడానికి పదిరోజులు. ఆ పదిరోజులు ఇంట్లో నన్ను పలకరిస్తే కరిచేదాన్ని. మావారు వంటింట్లోకి కూడా రాలేదు.

రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. పైపొర దాటలేదు. అంచులన్నీ శుభ్రం. డాక్టరుగారు రెండుసార్లు చదివి నాకిచ్చారు, నేను బాత్‌రూంలోకి వెళ్ళి ట్యాపు విప్పి బావురుమని ఏడ్చాను.

ఆయన కేసు వెయ్యలేదు. ఆసుపత్రివాళ్ళు నాకు మెమో ఇచ్చారు, సంతకం పెట్టి తీసుకున్నాను. ఆ నమూనాలో నార్మల్ అనే మాటలన్నీ నేనే చెరిపేశాను. రోజుకు పన్నెండు కేసులు దాటొద్దని డాక్టరుగారు పైవాళ్ళతో గొడవపడి మరీ సాధించారు. అందరికీ బటన్ నొక్కి చూడటం మొదలైంది. అమ్మాయిలూ, మీరిప్పుడు ఖాళీ గడులు నింపలేక విసుక్కుంటుంటారే, వాటి వెనక కథ ఇది. విసుక్కోండి, ఫరవాలేదు. చూసి నింపండి.

మూడు నెలలకు ఆయన చెకప్‌కు వచ్చారు. నేను పొద్దున్నుంచే ఎదురుచూస్తున్నాను. ఏం మాట్లాడాలో, ఎలా క్షమాపణ అడగాలో మనసులో వల్లెవేసుకుని, గౌను తొడుక్కుని తలుపు దగ్గరికి వెళ్ళేసరికి డాక్టరుగారే బయటికొచ్చి అడ్డంగా నిలబడ్డారు. "సిస్టర్, ఏమనుకోకండి. మీరు కాసేపు బయటుండండి" అన్నారు నేలచూపులు చూస్తూ.

తలుపు ఓరగా ఉంది. లోపల్నుంచి ఆయన గొంతు వరండా అంతా నిండింది. "ఆవిడ మాత్రం వద్దండీ. ఆవిడ ఈ గదిలో ఉంటే నేను ఈ బల్లమీద పడుకోను!"

వరండాలో కూర్చున్నవాళ్ళందరూ తల తిప్పి నన్నే చూశారు. లిఫ్టు దగ్గర నిలబడ్డవాళ్ళకు కూడా వినిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. మాటమాటా ఖంగుమంటోంది, ఎక్కడా చిన్న జీర కూడా లేదు. గౌను విప్పి చేతిమీద వేసుకుని, ఆ తలుపు పక్కనే నిలబడి, ఆయన నన్ను వద్దంటున్నంతసేపూ విన్నాను.